ఉక్రెయిన్ ముద్రలో తుపాకి పట్టుకున్న మనిషి ఎవరు? బల్లెంతో చెక్కాలా, బల్లెం లేకుండానా?

ఇత్తడి ముద్ర, కర్నూలు

అందరికీ నమస్కారం. కొండారెడ్డి బురుజు దగ్గర మాకు చిన్న ముద్రల షాపు ఉంది. నాయన రోజుల్లో అంతా ఇత్తడి పనే. బిళ్ళ మీద ఉలితో చెక్కి, లక్క కరిగించి, ఒత్తి చూసి మరీ ఇచ్చేవాడు. ఇప్పుడు గిరాకీ అంతా రబ్బరు స్టాంపులకే, అవీ కంప్యూటర్‌లో టైపు చేసి తీసేవే. ఇత్తడి ముద్ర కావాలని ఎప్పుడో ఒకరు వస్తారు. వచ్చినప్పుడు మాత్రం ఆ పని ఎవరికీ ఇవ్వను, నేనే కూర్చుంటా.

మొన్న అలాంటి ఆర్డరు ఒకటి వచ్చింది. ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో యుద్ధం వల్ల తిరిగొచ్చిన పిల్లలు. మన కర్నూలు, అనంతపురం, కడప వాళ్ళే. అక్కడ అనాటమీ చెప్పిన మేడమ్ ఊరు వదలకుండా ఇప్పటికీ అక్కడే ఉందంట. ఆమెకు పంపడానికి అరచేతిలో పట్టే గుండ్రటి ఇత్తడి ముద్ర కావాలన్నారు, లక్క మీద ఒత్తితే బొమ్మ పడేటట్టు. బొమ్మ ఏది వేయాలంటే ఫోన్లో మూడు ఫొటోలు చూపించారు.

మొదటి దాంట్లో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. పైకి లేచిన టోపీ, మోకాళ్ళు దాటిన అంగీ, నడుముకు వంకీ కత్తి, భుజం మీద పొడుగాటి తుపాకి, రెండో చెయ్యి నడుము మీద. రెండో దాంట్లో అదే మనిషి, కానీ పక్కన నేలలో గుచ్చిన బల్లెం ఒకటి ఉంది. మూడో దాంట్లో అదే మనిషి ఎనిమిది మూలల డాలులో ఉన్నాడు, డాలు మీద త్రిశూలం, చుట్టూ తీగలు.

నాకు కావాల్సినవి ఇవి. ఈ మూడింటిలో అసలుది ఏది? టీవీలో ఉక్రెయిన్ అంటే త్రిశూలమే చూపిస్తారు కదా, మరి ఈ మనిషి ఎక్కడి నుంచి వచ్చాడు? ఇంకోటి, ఒక ఫొటోలో తుపాకి ఈ పక్క భుజం మీద ఉంటే ఇంకో ఫొటోలో ఆ పక్కన ఉంది. ఒకటి ముద్ర ఫొటో, ఇంకోటి ముద్ర ఒత్తిన లక్క ఫొటో అయ్యుండాలని నా అనుమానం. ఇత్తడి మీద కుడిఎడమలు తిరగేసి చెక్కుతాం కాబట్టి, ఒత్తాక ఎటు రావాలో ముందే తెలియకపోతే బిళ్ళ పాడవుతుంది. ఆ మేడమ్ చేతికి వెళ్ళేది. తప్పు బొమ్మ పోకూడదు.

మాష్టారు, ప్రొద్దుటూరు

ముద్ర చెక్కే మనిషి ముద్ర చరిత్ర అడిగితే నాకు చెప్పలేనంత సంతోషం. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను, యూరప్ రాజచిహ్నాలంటే నాకు చాలా ఇష్టం. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మూడు ఫొటోల్లో ఉన్నది ఒకే మనిషి, మూడూ అసలువే. కాలాలు వేరు. అతనికి పేరు లేదు. రాజు కాదు, సేనాని కాదు, సాధువు కాదు. జపోరిజియా కోసాక్కు సైన్యంలో మామూలు సిపాయి. ఈ సంగతి నాకు మొదటి నుంచీ చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల రాజ్యాల ముద్రలు చూడండి. పోలండ్‌ది గద్ద, లిథువేనియాది గుర్రం మీద వీరుడు, మాస్కోది రెండు తలల గద్ద. అంత దూరం ఎందుకు, మన విజయనగరం వాళ్ళది వరాహం, సూర్యచంద్రులు, కత్తి. జంతువో, దేవుడో, రాజవంశం గుర్తో ఉంటుంది. వీళ్ళు మాత్రం తమలో ఒకడిని, కాళ్ళ మీద నిలబడ్డ బంటును, ముద్రలో పెట్టుకున్నారు.

కోసాక్కులంటే ద్నీప్రో నది దిగువన గడ్డిమైదానాల్లో చేరిన జనం. పోలండ్ జమీందార్ల కింద వెట్టి చేయలేక పారిపోయి వచ్చిన రైతులు, వేటగాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. ఒక పక్క పోలండ్, ఒక పక్క మాస్కో, కింద క్రిమియా ఖాన్. నది దీవుల్లో కర్రకోటలు కట్టుకుని, నాయకుణ్ణి తామే ఎన్నుకుని బతికారు. ఆ కోటను సిచ్ అంటారు. 1570లలో పోలండ్ రాజు స్తెఫాన్ బాతొరి వాళ్ళలో కొందరిని జీతం మీద పట్టీలో రాయించుకున్నాడు. ఈ చిహ్నం కూడా ఆయనే ఇచ్చాడని పాత కథ. చేతికి దొరికే ఆధారాలు మాత్రం 1590ల ముద్రల నుంచే మొదలవుతాయి.

అచ్చులో దీన్ని చూడాలంటే 1622కు రావాలి. హెట్మాన్ (అంటే కోసాక్కుల పెద్ద నాయకుడు) పెత్రో సహైదాచ్నీ అంతకు ముందు ఏడాది ఖోతిన్ దగ్గర తుర్కులతో జరిగిన యుద్ధంలో గాయపడి, 1622లో కీవ్‌లో చనిపోయాడు. అంత్యక్రియలకు అక్కడి బడి పిల్లలు పద్యాలు చదివారు. ఆ పద్యాలను పుస్తకంగా అచ్చు వేసి, అందులో జపోరిజియా సైన్యం చిహ్నమని ఈ తుపాకి మనిషి బొమ్మ వేశారు. కర్ర మీద చెక్కి ఒత్తిన బొమ్మ అది. మీ మొదటి ఫొటో చాలా వరకు ఆ వరసలోదే.

1648లో బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ పోలండ్ మీద తిరగబడ్డాడు. అప్పటి నుంచి అది ఒట్టి సైన్యం కాదు, పన్నులు, కోర్టులు, రాయబారులు ఉన్న రాజ్యం. దాన్నే హెట్మాన్ రాజ్యం అంటారు. ముద్ర మాత్రం అదే. ఇక్కడ మీలాంటి పనివాళ్ళు మాత్రమే పట్టుకోగల సంగతి ఒకటి ఉంది. తిరుగుబాటు మొదట్లో ముద్ర అంచున 'రాజుగారి జపోరిజియా సైన్యం' అని ఉండేది, అంటే పోలండ్ రాజు. 1654లో మాస్కో జార్‌తో ఒప్పందం కుదిరాక అంచు రాత 'జార్ గారి సైన్యం' అని మారింది. మధ్యలో ఉన్న మనిషి అంగుళం కదల్లేదు. అందుకే ఈ ముద్రల కాలం తెలియాలంటే ముందు అంచు చదవాలి, తర్వాత ఆ మనిషి పక్కన, పైన ఏమున్నాయో చూడాలి.

ఇక బల్లెం. అది సిచ్ వాళ్ళది. హెట్మాన్ రాజ్యం పైన, ఊళ్ళూ పంటపొలాలూ ఉన్న చోట ఉండేది. సిచ్ దిగువన, క్రిమియా సరిహద్దు మీద. అక్కడి వాళ్ళ ముద్రలో సిపాయి పక్కన బల్లెం నేలలో గుచ్చి ఉంటుంది, కాపలాలో ఉన్నానని. అంచున 'దిగువ జపోరిజియా కీర్తిగల సైన్యపు ముద్ర' అనే అర్థం వచ్చే రాత. మీకు నచ్చే ముక్క ఇంకోటి చెప్తా. సిచ్‌లో ఒక్కో అధికారికి ఒక్కో గుర్తు ఉండేది. నాయకుడికి గద, లేఖరికి సిరాబుడ్డి. ముద్ర మాత్రం న్యాయాధికారి దగ్గర ఉండేది. నాయకుడి చేతికి ఇవ్వలేదు.

1750 నుంచి 1764 దాకా హెట్మాన్‌గా ఉన్న కిరిలో రజుమోవ్‌స్కీ కాలంలో ఈ బొమ్మ సైన్యం గుర్తు అన్న మాట దాటి, 'జాతీయ చిహ్నం' అనే మాటతోనే కచేరీ ముద్రల మీదికి వెళ్ళింది. అది రష్యా మహారాణి రెండో కేథరీన్‌కు గిట్టలేదు. 1764లో హెట్మాన్ పదవే తీసేసింది. 1767లో అక్కడి గవర్నరు రుమ్యాంత్సెవ్ చొరవతో ఈ మనిషిని తీసి రెండు తలల గద్దను పెట్టారు. 1775లో సిచ్‌నే నేలమట్టం చేశారు. అక్కడి చివరి నాయకుడు పెత్రో కల్నిషెవ్‌స్కీని ఉత్తరాన తెల్లసముద్రంలోని సొలొవ్కీ మఠానికి పంపి, పాతికేళ్ళు బందీగా ఉంచారు.

మూడో ఫొటో 1918 నాటిది. 1917లో జార్ పోయాక కీవ్‌లో ఏర్పడ్డ రిపబ్లిక్ 1918 ఫిబ్రవరిలో త్రిశూలాన్ని తీసుకుంది. అది పదో శతాబ్దపు కీవ్ రాజు వొలొదిమిర్ నాణేల మీద ఉన్న వంశం గుర్తు. రూపం చూసి మన శివుడి త్రిశూలం అని ఇక్కడ కొందరు రాస్తుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఏప్రిల్ చివర్లో పావ్లో స్కొరొపాద్‌స్కీ అధికారం పట్టుకుని హెట్మాన్ అని ప్రకటించుకున్నాడు. ఆయన పాత హెట్మాన్ల వంశం వాడు, కాబట్టి కోసాక్కును తిరిగి తెచ్చాడు. బొమ్మ గీసింది హెయోర్హి నార్బుత్, నా దృష్టిలో ఆ కాలంలో అంత చెయ్యి తిరిగిన గ్రాఫిక్ కళాకారుడు అక్కడ ఇంకొకడు లేడు. హెట్మాన్ల పాత రాజధాని హ్లూఖివ్ దగ్గర పల్లెలో పుట్టాడు, పాత వంశచిహ్నాలు బాగా చదువుకున్నవాడు. ఎనిమిది మూలల డాలు, లోపల కోసాక్కు, పైన త్రిశూలం, అంచున 'ఉక్రెయిన్ రాజ్యం'. రెండు గుర్తులనూ కలిపాడు. డిసెంబరులో స్కొరొపాద్‌స్కీ దిగిపోయాడు, దాంతో ఆ ముద్ర ఏడాది కూడా నిలవలేదు. 1920లో నార్బుత్ చనిపోయాడు, నలభై కూడా నిండలేదు. ఆ ముద్ర చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది.

తర్వాత సోవియట్ కాలమంతా కొడవలి, సుత్తి. స్వాతంత్ర్యం వచ్చాక 1992 ఫిబ్రవరి 19న త్రిశూలం చిన్న రాజచిహ్నం అయింది. టీవీలో మీరు చూసేది అదే. 1996 రాజ్యాంగంలో 20వ అధికరణం ఏమంటుందంటే, చిన్న చిహ్నాన్నీ, జపోరిజియా సైన్యం చిహ్నాన్నీ కలుపుకుని ఒక పెద్ద రాజచిహ్నం ఏర్పాటు చేయాలి, దానికి పార్లమెంటులో మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. మొత్తం 450 మందిలో 300. ఆ 300 కూడలేదు. ఒక పక్క సింహం, ఇంకో పక్క తుపాకి కోసాక్కు నిలబడ్డ నమూనా చాలా కాలం చర్చలో ఉంది. 2021 ఆగస్టులో బిల్లు ఒకటి మొదటి పఠనం దాటింది, ఆ తర్వాత ఏడాది యుద్ధం వచ్చింది. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు ఇది: ఈ మనిషి పేరు రాజ్యాంగంలో ఉంది, బొమ్మకు మాత్రం చట్టం ఇంకా రాలేదు.

కుడిఎడమల సంగతి. లక్క మీద పడ్డ బొమ్మలో తుపాకి అతని ఎడమ భుజం మీద ఉండాలి, అంటే చూసే మనకు కుడి వైపు. కుడి చెయ్యి నడుము మీద. అనుమానం వస్తే కత్తి చూడండి. కుడిచేతి వాటం వాడు కత్తిని ఎడమ నడుముకే కట్టుకుంటాడు. ఫొటోలో కత్తి అతని కుడి నడుముకు ఉందంటే అది ముద్ర బిళ్ళ ఫొటో.

అనంతపురం డాక్టర్

అన్నా, ఆర్డరు ఇచ్చింది మా బ్యాచ్ వాళ్ళే. నేను ఇంటర్న్‌షిప్ డ్యూటీల వల్ల కర్నూలు రాలేకపోయా. మాష్టారు గారూ, చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. అక్కడ అన్నేళ్ళు ఉండి కూడా ఇంత వివరంగా మాకు ఎవరూ చెప్పలేదు.

మేం చదివింది జపోరిజియాలోనే. సైన్యం పేరూ ఊరి పేరూ ఒకటే. నది మధ్యలో ఖోర్తిత్సియా అని పెద్ద దీవి ఉంది. ఆదివారాలు అక్కడికే పోయేవాళ్ళం. దీవిలో కోసాక్కుల మ్యూజియం ఉంది, సిచ్ ఎలా ఉండేదో చూపించడానికి కర్రలతో కోట మళ్ళీ కట్టారు. ఆ జిల్లా చిహ్నంలోనూ తుపాకి కోసాక్కే ఉంటాడు, పక్క జిల్లా ద్నీప్రోపెత్రోవ్‌స్క్ చిహ్నంలోనూ ఉంటాడు. ఆఫీసుల గోడల మీద, బడుల మీద రోజూ కనిపించేవాడు. మాకు తెలిసింది అంతవరకే.

మా మేడమ్ తరగతిలో చాలా స్ట్రిక్ట్. ఎముక పేరు లాటిన్‌లో తప్పు చెబితే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేది. 2022 ఫిబ్రవరి చివర్లో మేం రైలెక్కుతుంటే స్టేషన్‌కి వచ్చి, ఒక్కొక్కరి సంచీలో రొట్టె, నీళ్ళ సీసా ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూసింది. మేం పడమర సరిహద్దు దాటే దాకా మెసేజ్‌లు పెడుతూనే ఉంది. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతోంది, సైరన్ మోగితే ఆపి, తర్వాత మళ్ళీ మొదలుపెడుతుందని జూనియర్లు చెప్పారు.

అందుకని నా మాట బల్లెం ఉన్నదే వేయండి. మేడమ్ ఊరిది అదే కదా. ఇప్పుడు అందరి చేతి మీదా, జెండా మీదా త్రిశూలం ఉంటుంది, అది ఆమెకు ఇంకెవరైనా ఇస్తారు.

జమ్మలమడుగు కుర్రోడు

మాష్టారూ, ఒక డౌటు. సరిహద్దులో కోటలు, చేతిలో ఆయుధం, ఎవరికీ పన్ను కట్టం అనడం, చివరికి పెద్ద రాజ్యం వచ్చి అణిచేయడం. ఇదంతా మన రాయలసీమ పాళెగాళ్ళ కథే కదా? 1800లో మన జిల్లాలు నిజాం నుంచి కంపెనీ చేతికి పోయాక మన్రో దొర 80 మంది దాకా పాళెగాళ్ళను లొంగదీశాడని చదివా. సిచ్ పోయిన పాతికేళ్ళకే ఇది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847లో కోయిలకుంట్లలో ఉరి తీశారు. మనవాళ్ళ బొమ్మ మాత్రం ఏ చిహ్నంలోకీ ఎందుకు రాలేదు?

మాష్టారు, ప్రొద్దుటూరు

మంచి ప్రశ్న నాయనా. నేను క్లాసులో అడిగించాలనుకున్న ప్రశ్న ఇది.

పోలికలు నువ్వు చెప్పినంత వరకు నిజమే. కానీ పాళెం అంటే వంశం. తండ్రి తర్వాత కొడుకు, ఒక్కో పాళెగాడికి తన కోట, తన ఊళ్ళు, తన మనుషులు. పక్క పాళెంతో పొత్తు ఎంతో, పగ కూడా అంతే. అందరి తరఫున ఒక కాగితం మీద ఒక ముద్ర వేసే ఏర్పాటు వాళ్ళకు లేదు. మన్రో ఒక్కొక్కరిని విడివిడిగా లొంగదీయగలిగింది అందుకే. కోసాక్కులకు నాయకులు మారిపోయేవాళ్ళు, ఎన్నుకునేవాళ్ళు, నచ్చకపోతే దించేవాళ్ళు. నాయకుడు పోయినా సైన్యం అనే సంస్థ ఉండేది, ఆ సంస్థకు ఒక ముద్ర ఉండేది. పోలండ్‌తో, మాస్కోతో, క్రిమియాతో రాసుకున్న కాగితాల మీద పడింది ఆ ముద్రే. పేరులేని సిపాయిని బొమ్మగా పెట్టుకోవడం వెనక ఉన్నది ఇదే అని నా నమ్మకం. ఎవరో ఒక నాయకుడి ముఖం చెక్కి ఉంటే అతనితోనే పోయేది.

ఇంకో తేడా. మనకు 1950లో దేశచిహ్నం ఎంచుకునేటప్పుడు అందరికీ చెందిన పాత గుర్తు దొరికింది, సారనాథ్ సింహాలు. అశోకుడు మనకు పరాయివాడు కూడా కాదు. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి, చూడకపోతే ఒకసారి పోయి చూడు. ఉక్రెయిన్‌కు అలాంటివి రెండు దొరికాయి, రాజుల నాటి త్రిశూలం, సిపాయిల నాటి తుపాకి మనిషి. ఏది పెద్దది, ఏది పక్కన ఉండాలి అని 1918లో మొదలైన చర్చ ఇంకా నడుస్తోంది. నన్నడిగితే నార్బుత్ కలిపిన పద్ధతి సరైనది.

ఇత్తడి ముద్ర, కర్నూలు

మాష్టారు గారికి, డాక్టరమ్మకు చాలా థ్యాంక్స్. కత్తి గుర్తు పెట్టుకుని ఫొటోలు మళ్ళీ చూశా. మొదటిది బిళ్ళ ఫొటోనే, కత్తి కుడి నడుముకు ఉంది. రెండోది లక్క. లెక్క తేలింది.

బల్లెం ఉన్నదే చేస్తున్నా. కానీ బల్లెం కర్ర ఫొటోలో వెంట్రుక మందాన ఉంది. అంత సన్నగా చెక్కితే లక్క ఆ గాడిలోకి దిగదు, దిగినా బిళ్ళ పైకి లేపేటప్పుడు తెగి అందులోనే ఉండిపోతుంది. కర్రను కొంచెం లావు చేసి, గాడి అంచులు ఏటవాలుగా తీస్తా. తుపాకి మందు పోసుకునే కొమ్ము నడుము దగ్గర కనిపిస్తోంది, అది కూడా వదలను. ముఖం మీద మీసం మాత్రం లోతుగా తీయాలి, లేకపోతే ఒత్తినప్పుడు ముఖం చదునుగా పడుతుంది.

అంచు రాత నాకు కావాలి. మాష్టారు గారూ, ఆ 'దిగువ జపోరిజియా' రాత పాత అక్షరాల్లోనే ఉన్న ఫొటో ఏదైనా ఉంటే పెట్టండి. భాష రాకపోయినా ఫర్వాలేదు, గీత గీతగా చూసి తిరగేసి దించుతా. అక్షరాల మధ్య ఖాళీ ఎంత వదిలారో కనిపించేటట్టు దగ్గర నుంచి తీసింది కావాలి.

మాష్టారు, ప్రొద్దుటూరు

నా దగ్గర పుస్తకంలో ఉంది. రేపు పగటి వెలుతురులో తీసి పెడతా. రాత పైన మధ్యలో ఉన్న చిన్న శిలువ దగ్గర మొదలై కుడి చేతి వైపుగా చుట్టూ తిరుగుతుంది. లక్క మీద అలా రావాలంటే ఇత్తడి మీద మీరు ఎడమ చేతి వైపుగా పోవాలి, అది మీకు నేను చెప్పేది కాదు. కొన్ని మాటలు కుదించి, వదిలేసిన అక్షరాలను పైన చిన్నగా ఎక్కించి ఉంటాయి. వాటిని కిందికి దించి సరిచేయకండి, ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.

అనంతపురం డాక్టర్

అన్నా, మొదటి లక్క ఒత్తు మాకు ఫొటో పెట్టండి. పార్సిల్‌లో ఎర్ర లక్క కడ్డీలు కూడా రెండు వేయండి, ఆమె అక్కడ ఒత్తి చూసుకుంటుంది. డబ్బు బ్యాచ్ అంతా కలిపి పంపిస్తాం.